గడువు తీరిన తూనీగలు

బహుళ తదియ

రేవు లాకు దగ్గర నెట్‌వర్క్ స్విచ్ ఈ పొద్దున ఆగిపోయింది. ఉప్పుగాలికి పాడైందేమోనని పెట్టె మూత తీశాను. లోపల తుప్పు లేదు, కాలిన వాసన లేదు. చిన్న తెర మీద మాత్రం ఒక వాక్యం వెలుగుతోంది: "లైసెన్సు గడువు ముగిసింది. అమ్మకందారుని సంప్రదించండి."

అమ్మకందారు లేడు. జాలక సిలికాన్ అనే ఆ కంపెనీ మూతపడి రెండేళ్ళు దాటింది. స్విచ్ లోపలి చిప్పు పేరు తూనీగ. దాన్ని తయారుచేసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. కంపెనీ పోయాక, మా చిప్పులు కొన్న ఒకే ఒక్క ఊరు ఇదని తెలిసి, ఇక్కడికే వచ్చి నెట్‌వర్క్ చూసే పనిలో చేరాను. నేను రాకపోతే వీటి భాష తెలిసినవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు.

పున్నమి పోటు దాటిపోయింది కాబట్టి ఈ రోజుకి తలుపు చేత్తో దించి సరిపెట్టాం. అమావాస్యకి ఇలా కుదరదు. కరకట్టకి ఇవతల పెదతిప్ప నేలంతా సముద్రం కన్నా పల్లంలో ఉంది. పోటు పెద్దదైతే ఏడు లాకుల తలుపులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ, క్షణక్షణానికీ కాస్త లేస్తూ దిగుతూ కలిసి కదలాలి. ఒకటి వెనకబడితే మిగతావాటి దగ్గర ఆగిన నీళ్ళన్నీ దాని మీదికే వస్తాయి. ఆ మాటల్ని మోసేవి స్విచ్‌లే.

మిగతా ఆరూ దీన్ని బిగించిన నెలలోనే బిగించినవి. అంటే అమావాస్య లోపల వాటికీ ఇదే గతి.

బహుళ చవితి

లాకుల సూపరింటెండెంట్ మస్తాన్‌బీ అక్కకి విషయం చెప్పాను. ఆవిడ పడవ ఇంజను నూనె మరకలున్న చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పాడవలేదంటావు. పనిచెయ్యదంటావు. ఇదేం చోద్యం అమ్మాయ్?"

"చిప్పు బాగానే ఉందక్కా. మూడేళ్ళు నిండాక పనిచెయ్యొద్దని దానికి ముందే చెప్పి పెట్టారు."

"ఎవరు చెప్పింది?"

"మా కంపెనీలో డబ్బు పెట్టినవాళ్ళు. చిప్పు ఒకసారి అమ్మితే ఆదాయం ఒకసారే వస్తుంది, అలా కాదు, మూడేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ రావాలన్నారు. అందుకని చిప్పులోనే తాళం పెట్టించారు. కంపెనీయే పోతే ఆ తాళం ఎవరు తీస్తారని ఆ రోజు మీటింగులో అడిగాను. పోతుందనుకునే కంపెనీలో నువ్వెందుకున్నావమ్మా అని నవ్వారు."

"అంత మంచి చిప్పన్నావుగా. మరి కంపెనీ ఎందుకు పోయింది?"

ఈ ప్రశ్నకి నేను మర్యాదగా జవాబు చెప్పలేను. ఆవిడకి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను. ఈ స్విచ్‌ల బజారంతా ఒక పెద్ద కంపెనీది; తూనీగ దాని చిప్పు తాగే కరెంటులో నాలుగో వంతుతో నడిచేది, ఉప్పుగాలికి చెక్కుచెదిరేది కాదు. పెద్ద పెద్ద కొనుగోలుదారులు నెలల తరబడి పరీక్షించి మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక అందరూ ఒకే మాట అడిగారు: ఐదేళ్ళ తర్వాత మీరుంటారా? ఉంటామో ఉండమో తేల్చాల్సింది వాళ్ళ కొనుగోలే. వాళ్ళు కొనలేదు. మేం తలుపు తట్టిన ప్రతిచోటా పెద్ద కంపెనీ ధర తగ్గించింది, మేం వెనక్కి తిరగగానే మళ్ళీ పెంచింది. మదుపరులకు చిప్పుతో పని లేదు. కంపెనీని ఎవరికైనా పదింతలకు అమ్మేయడమే వాళ్ళకు కావలసింది. ఈలోగా ఆలోచించే యంత్రాల మీద మోజు వచ్చింది. మా రెండో విడత చిప్పులు పెద్ద ఎత్తున తయారీకి వెళ్ళాల్సిన వారంలో చేతులెత్తేసి అటు పోయారు. పోతూ పోతూ మా పేటెంట్లన్నీ ఆ పెద్ద కంపెనీకే అమ్మారు. అది వాటిని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. తొమ్మిదేళ్ళ మా పనిని కొనుక్కున్నది ఎవరూ వాడకుండా ఉండటానికి!

అంతా విని అక్క లేచింది. "ఆళ్ళ ఆటలో ఆళ్ళు ఏమైనా చేసుకోనీ. మధ్యలో మా తలుపులేంటమ్మా?"

బహుళ షష్ఠి

మడ లాకు స్విచ్ కూడా ఆగింది.

పెద్ద కంపెనీకి ఫోన్ చేశాను. గంటల తరబడి సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. పాపం, వినయంగానే మాట్లాడింది.

"ఆ ఉత్పత్తికి మా మద్దతు లేదండీ మేడమ్. అది విరమించిన ఉత్పత్తి."

"విరమించింది మీరు. ఇక్కడ అది ఇంకా తలుపులు మూస్తోంది. తాళం ఒక్కసారి తెరవండి, చాలు."

"అలాంటి వెసులుబాటు లేదండీ. మా కొత్త స్విచ్‌లు పెట్టించుకోవచ్చు. సర్వే, అంచనా, బిగింపు అన్నీ కలిపి వచ్చే ఏడాదికల్లా పూర్తవుతాయి."

"అమావాస్య వచ్చే వారమేనమ్మా."

అటువైపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "అమావాస్య... ఆ పేరుతో మీ ప్రాజెక్టు ఏదీ నమోదై లేదు మేడమ్."

ఫోను బల్ల మీద పెట్టి బయటికొచ్చి కట్ట మీద అటూ ఇటూ నడిచాను. ఆ పిల్లను తిట్టి లాభం లేదు. తిట్టాల్సిన వాళ్ళెవరూ ఫోను ఎత్తే ఉద్యోగాల్లో ఉండరు.

బహుళ అష్టమి

తేజోమూర్తికి ఫోన్ చేశాను. జాలక స్థాపించిన మనిషి. మొదటి రోజుల్లో మాతోపాటు నేల మీద కూర్చుని సర్క్యూట్లు గీసినవాడు. ఇప్పుడు మా మీద డబ్బు పెట్టి తీసేసుకున్న ఆ ఫండ్‌లోనే భాగస్వామి.

"మేదినీ! ఎన్నాళ్ళకి గుర్తొచ్చాను!"

"తూనీగ తాళంచెవి కావాలి తేజా. ఇక్కడ లాకులు ఆగిపోతున్నాయి."

"అది నాది కాదిప్పుడు. అమ్మకం ఒప్పందంలో పోయింది."

"నీ దగ్గర కాపీ ఉంటుంది. నువ్వు నాకు తెలీదా?"

"ఉన్నా ఇవ్వలేను. బయటపడితే నామీద కేసవుతుంది. ఫండ్ మీదా అవుతుంది."

"ఇక్కడ నాలుగువేల మంది ఉన్నారు. పసిపిల్లలున్నారు."

"అందుకే ప్రభుత్వానికి రాయమంటున్నాను. ఆవేశపడకు మేదినీ. మనం ఓడిపోయాం. నేర్చుకోవాల్సింది నేర్చుకుని ముందుకెళ్ళాలి."

"మనం అనకు. నువ్వు ఓడిపోయి ఫండ్‌లో కుర్చీ ఎక్కావు. మనతో చిప్పు గీసిన ఫణీంద్ర ఓడిపోయి కర్నూల్లో మోటార్లు బాగుచేసుకుంటున్నాడు. వీళ్ళు అసలు ఏ ఆటా ఆడలేదు, మునగబోతున్నారు. ముగ్గురి ఓటమికీ ఒకే పేరు పెట్టకు."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత చూస్తే, వచ్చే నెల హైదరాబాదులో అతని ఉపన్యాసం ఉంది. పేరు "వైఫల్యమే నా గురువు". టికెట్లు అయిపోయాయట.

బహుళ నవమి

ఇంకో రెండు స్విచ్‌లు పోయాయి. కోపంతో బుర్ర పనిచేయదంటారు కానీ, నాకు ఈ రోజు కోపంలోనే తట్టింది. తాళం పెట్టింది రెండో విడతలో. మొదటి విడత చిప్పుల్లో తాళం లేదు!

ఆ విడతలో ఒక తప్పుంది. చిప్పు వేడెక్కితే మోయాల్సిన మాటల్ని దారిలోనే పారేసుకుంటుంది. ఆ తప్పు వల్లే ఏడాది వెనకబడ్డాం, ఆ తప్పు చూపించే మదుపరులు మమ్మల్ని గడ్డిపరకల్లా తీసిపడేశారు. కంపెనీ మూసిన రోజు, మిగిలిపోయిన ఆ చిప్పుల్ని గాజులాంటి రెసిన్ దిమ్మల్లో పోతపోయించి తలా ఒకటి జ్ఞాపికగా చేతిలో పెట్టారు. అడుగున "ప్రయత్నించాం" అని చెక్కించారు. నాది ట్రంకుపెట్టెలో అడుగున పడి ఉంది.

పాతవాళ్ళకందరికీ ఫోన్లు చేశాను. ఒకామె దాన్ని ఆ రోజే మూసీలో విసిరేసిందట. ఆమెను తప్పుపట్టలేను. ఒకతను పెళ్ళాం పూజగదిలో పెట్టిందన్నాడు, అడిగి తెస్తానన్నాడు. ఫణీంద్ర నేను చెప్పింది సాంతం విని పెద్దగా నవ్వాడు.

"ఆ దిమ్మ చూసినప్పుడల్లా సుత్తి పెట్టి పగలగొట్టాలనిపించేది మేదినీ. ఇప్పటికి ఒక కారణం దొరికింది. అందరివీ పోగేసుకుని నేనే వస్తాను."

బహుళ ద్వాదశి

ఫణి నిన్న మధ్యాహ్నం లాంచీలో దిగాడు. జుట్టు బాగా పలచబడింది, మాట మాత్రం అదే. సంచిలో దిమ్మలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తుంటే, అక్క "ఏం తెచ్చావయ్యా, మామిడికాయలా?" అంది.

ద్రావకంలో నానబెట్టి, మెత్తబడిన రెసిన్‌ని చాకుతో గీకి, చిప్పులు బయటికి తీశాం. సగం చచ్చిపోయాయి. పోత పోసినప్పటి వేడికే పోయి ఉంటాయి. బతికినవి ఆరు. పాత చిప్పుల్ని వేడిగాలితో కరిగించి పీకి, వాటి స్థానంలో వీటిని అతికించాం. రేవు లాకు స్విచ్‌కి ప్రాణం వచ్చి పక్క లాకుని పలకరించినప్పుడు ఫణి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఈ చిప్పు ఒక అసలైన తలుపుని కదిలించడం అతను ఇదే మొదటిసారి చూడటం. తొమ్మిదేళ్ళు పనిచేసి!

వేడి సంగతి మిగిలింది. దానికి ఫణి జాలరిపేట ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి, చేపల పెట్టెలకి వాడే ఐసు మాట్లాడి వచ్చాడు. "మనల్ని అన్ని మాటలనిపించిన రోగానికి మందు ఇదన్నమాట," అన్నాడు, ఐసుముక్కని నోట్లో వేసుకుని.

మిగిలిన మూడు స్విచ్‌లూ ఈలోగా ఆగిపోయాయి. లాకులు ఏడు, చిప్పులు ఆరు. దక్షిణాన చివర లాకుకి చిప్పు లేదు. దాని తలుపుని చక్రం తిప్పి మనుషులే నడపాలి. ఆ లాకు కాపలాదారు యేసుదాసు. గట్టి మనిషి, వయసు నలభై లోపే. "మా పేటోళ్ళని తెచ్చుకుంటానండి, మీరు ఎప్పుడు ఎంత తిప్పాలో ఫోన్లో చెప్పండి చాలు," అన్నాడు.

ఈలోగా పల్లంలో ఉన్న ఇళ్ళవాళ్ళని అక్క బడికి, ఐసు ఫ్యాక్టరీ మేడ మీదికి పంపించింది.

అమావాస్య

సాయంత్రం రాస్తున్నాను.

పోటు పొద్దున్నే మొదలై, ఎండ ఎక్కేకొద్దీ పెరిగింది. ప్రతి స్విచ్ దగ్గరా ఇద్దరు, ఒకరు ఐసు మార్చడానికి, ఒకరు నీళ్ళు తుడవడానికి. చాలాసేపు అంతా సజావుగా సాగింది. నా ముందున్న తెర మీద ఆరు తలుపులూ ఒకదాన్ని చూసి ఒకటి లేస్తూ దిగుతూ ఉంటే, ఇంత అందమైన వస్తువును బీరువాలో పెట్టుకున్నారా అని పైకే తిట్టాను.

చివర లాకుకి ఫణి ఫోన్లో అంకెలు చెబుతున్నాడు. అటు యేసుదాసు గొంతు, వెనక మనుషుల హైలెస్సా. ఒక పెద్ద అల వచ్చింది. ఆరు తలుపులూ కనురెప్పపాటులో సర్దుకున్నాయి. ఏడోది మనుషుల చేతుల్లో ఉంది. ఫణి చెప్పడం, అక్కడ వినడం, చక్రం తిప్పడం, ఇదంతా జరిగేలోపే ఆరింటి దగ్గర ఆగిన నీళ్ళు అటు మళ్ళాయి. ఫోన్లో ఒక కేక వినబడింది. తర్వాత మాటలేవీ అర్థం కాలేదు.

ఏం జరిగిందో అక్కడున్నవాళ్ళు తర్వాత చెప్పారు: చక్రం వెనక్కి తన్నింది. అందరూ వదిలేశారు. యేసుదాసు వదల్లేదు. తను వదిలితే తలుపు పూర్తిగా లేచిపోతుందని అతనికి తెలుసు. మిగతావాళ్ళు మళ్ళీ వచ్చి పట్టుకునేదాకా ఒక్కడే ఆపాడు. అతని కుడి చెయ్యి మోచేతి కింద నుజ్జయింది.

తలుపు మూసుకుంది. కానీ ఆలోపు వచ్చిన నీళ్ళు వచ్చాయి. దక్షిణం పేటలో ఇళ్ళు మోకాటిలోతు మునిగాయి. ప్రాణాలు పోలేదు. మంచినీళ్ళ చెరువులోకి ఉప్పునీళ్ళు దిగాయి.

అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు లాంచీలో యేసుదాసు నన్ను ఒకటే అడిగాడు. "తలుపు పడిందా అండి?" పడిందన్నాను.

శుద్ధ చవితి

చెయ్యి తీసేశారు.

పెద్ద కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. మొదటి విడత చిప్పులు కూడా వాళ్ళ ఆస్తేనట. అనుమతి లేకుండా వాడినందుకు ఆరూ పీకి అప్పజెప్పాలి, నేను విజయవాడలో విచారణకు హాజరు కావాలి. షష్ఠి నాడు మాకు సాయం చేయడానికి ఏ దారీ లేని కంపెనీకి, మేం బతికామని పేపర్లో పడగానే వారంలోపు ఇల్లు వెతుక్కుంటూ రావడానికి దారి దొరికింది.

మంచినీళ్ళు పడవ మీద వస్తున్నాయి. బిందెల వరస రేవు దాకా ఉంది.

శుద్ధ సప్తమి

ఈ రోజు తేజోమూర్తి వచ్చాడు. తెల్ల చొక్కా, వెంట ఒక కెమెరా మనిషి. ఊళ్ళో లాకులు నడిపే కమిటీ బడి వరండాలో కూర్చుంది. తేజ బాగా మాట్లాడతాడు, ఎప్పుడూ అంతే. పెదతిప్పని చూసి తన గుండె తరుక్కుపోయిందన్నాడు. కొత్త కంపెనీ పెడుతున్నానని, విపత్తులు తట్టుకునే స్విచ్‌లు తయారుచేస్తామని, మొదటి మూడేళ్ళూ ఈ ఊరికి ఉచితమని చెప్పాడు. మేదిని కూడా చేరితే సంతోషిస్తానన్నాడు.

కమిటీలో కొందరు తలూపారు. వాళ్ళను నేనేమీ అనను. ఐసు మీద నడిచే చిప్పులతో ఎన్ని అమావాస్యలు గట్టెక్కుతాం?

నేను లేచాను. "మూడేళ్ళ తర్వాత?"

"అప్పటికి లైసెన్సు..."

అతను మాట మింగేశాడు కానీ వరండా అంతా విన్నది.

మస్తాన్‌బీ అక్క ముందుకి జరిగింది. "బాబూ, ఒక్కటే మాట. ఆ చిప్పు గీతలు, దాని తాళంచెవి, అన్నీ మొదటిరోజే మా కమిటీ చేతిలో పెట్టు. నీ కంపెనీ ఉన్నా పోయినా మా తలుపులు నడవాలి. అట్టా అయితే ఇప్పుడే సంతకం పెడతాను."

"నాకు అభ్యంతరం లేదండీ. కానీ మదుపరులు ఒప్పుకోరు."

"ఒప్పుకోని ఆళ్ళని తీసుకురా. వచ్చే పోటుకి చివర లాకు చక్రం దగ్గర నిలబెడతాను. ఆడ నిలబడి చెప్పమను, ఒప్పుకోం అని."

కెమెరా మనిషి కెమెరా దించేశాడు. తేజ లాంచీ ఎక్కే ముందు నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు, "నన్ను విలన్ని చేశావు. నేను ఇవ్వాలనే అనుకున్నాను మేదినీ, నిజంగా."

"అనుకుంటూ ఉన్నావు. అక్కడ ఒకడి చెయ్యి పోయింది," అన్నాను. ఇంకా చాలా అన్నాను. రాయదగ్గ మాటలు కావవి. అందులో ఒక్కటీ వెనక్కి తీసుకోను.

శుద్ధ దశమి

మొదటి విడత తూనీగ సర్క్యూట్ గీతలన్నీ, తాళం లేనివి, వేడి తప్పు ఎక్కడుందో ఎలా దిద్దాలో వివరంతో సహా, ఎవరైనా తీసుకుని తయారు చేసుకునేలా ఈ పొద్దున ఇంటర్నెట్‌లో బయటపెట్టాను. నా పేరుతోనే పెట్టాను. ఫణి తన పేరు కూడా చేర్చమన్నాడు. పిల్లలున్నవాడివి, ఆలోచించుకో అన్నాను. "అందుకే చేర్చమంటున్నా," అన్నాడు. మధ్యాహ్నానికి పాతవాళ్ళు ఇంకో నలుగురు పేర్లు పంపారు. మూసీలో విసిరేసినామె పేరు అందులో ముందుంది.

ఆరు చిప్పులూ స్విచ్‌ల్లోనే ఉన్నాయి. పీకలేదు.

శుద్ధ ద్వాదశి

రేపు విజయవాడలో విచారణ. లాయరు ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు: తప్పు జరిగింది, గత్యంతరం లేక చేశాం అని అణకువగా చెప్పాలి, గొంతు పెంచకూడదు, కంపెనీని ఏమీ అనకూడదు.

లాంచీ దగ్గరికి వెళ్ళేసరికి యేసుదాసు అప్పటికే లోపల కూర్చుని ఉన్నాడు. ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. రావద్దంటే వినలేదు. "నన్ను చూడకుండా ఎట్టా తీర్పు చెప్తారండి?" అన్నాడు.

మస్తాన్‌బీ అక్క మోకు విప్పుతూ అడిగింది. "ఏం చెప్తావు అమ్మాయ్?"

"చేశాననే చెప్తాను. కోపం లేకుండా చెప్పమన్నాడు లాయరు."

అక్క మోకు లాంచీలోకి విసిరేసింది.

"కోపంగానే చెప్పు. ఆ అబ్బాయి చెయ్యి గురించి నెమ్మదిగా చెప్తే ఎవరికి వినపడుద్ది?"